మేకల మెదడు మెత్తబడిన నెల

నమోదు 1, సోమవారం

ఈ ఊరికి వెన్నెలపేట అని పేరు పెట్టినవాళ్ళు భూమ్మీద కూర్చుని పెట్టుంటారు. చంద్రుడి మీద వెన్నెల ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడున్నదల్లా నాలుగు గుమ్మటాలు, వాటిని కలుపుతూ సొరంగాలు, నూటపాతిక మంది మనుషులు, ఇరవై రెండు మేకలు. మనుషుల ఆరోగ్యం డాక్టర్ సుభాషిణి గారు చూసుకుంటారు. మేకలది నేను. పేరు హైమావతి, పశువుల డాక్టర్ని.

ఇవాళ్టి నుంచి జరిగిందంతా రాసి పెట్టమని మా కాలనీ మేనేజరు త్రినాథరావు గారు చెప్పారు. "రేపు కిందవాళ్ళు అడిగితే నేను జవాబు చెప్పుకోవాలి కదండీ," అన్నారు. కిందవాళ్ళంటే భూమ్మీది ఆఫీసు. అందుకని రాస్తున్నాను.

పోయిన నెల తూర్పు సొరంగంలో గాలి కారింది. పాత గుమ్మటంలో మేకల కొట్టం, సొరంగం అవతల మేత తోట. రోజూ పొద్దున్నే వాటిని అటు తోలుకెళ్ళడం అలవాటు. రెండు నిమిషాల నడక. ఆరోజు అవి సరిగ్గా మధ్యలో ఉండగా రెండు పక్కలా తలుపులు మూసుకుపోయాయి. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది, పైన సైరన్ మొదలైంది. లోపల మేకలతో పాటు తలుపుల మెకానిక్కు దానియేలు ఉన్నాడు. గాలి పలచబడుతుంటే గోడంతా తడుముకుంటూ కన్నం వెతికి పట్టీ వేశాడు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

అప్పట్నుంచి ఒక్క మేకా ఆ గడప తొక్కడం లేదు. ఆరిపోయి ఉన్నా సరే, ఆ ఎర్ర దీపం కనబడితే చాలు, గోడెక్కుతున్నాయి. మాటవరసకి అనడం లేదు. ఇక్కడ బరువు ఆరో వంతే కాబట్టి నిజంగానే ఎక్కుతాయి. ఈ పొద్దున నేను వెళ్ళేసరికి పైకప్పు కింద నీళ్ళ గొట్టాల మీద ఐదు మేకలు కూర్చుని ఉన్నాయి.

పాలు బాగా పడిపోయాయి. పాత గుమ్మటంలోనే క్యాంటీన్ నడిపే మస్తాన్‌బీ పాలపొడితో టీ పెడుతోంది. మధ్యాహ్నం జనం ఆ గ్లాసులు పట్టుకుని మేనేజరు గది ముందు నిలబడ్డారు. ఊరికే గ్లాసులు చూపించారు.

నమోదు 2, బుధవారం

త్రినాథరావు గారు స్వయంగా రంగంలోకి దిగారు.

"ఆరో వంతు బరువే కదండీ. చంకనేసుకుని అవతల దింపేద్దాం. మందకి పెద్దది ఏది?"

కలెక్టరమ్మని చూపించాను. అది ఎటు నడిస్తే మిగతావన్నీ అటే నడుస్తాయి. ఆయన పిల్లిని ఎత్తినట్టు ఎత్తారు. గడప దాకా బాగానే వెళ్ళారు. ఎర్ర దీపం కనబడింది. చంద్రుడి మీద మేకకి బరువు తగ్గుతుంది గానీ తన్ను తగ్గదు. త్రినాథరావు గారు గాల్లో వెనక్కి తేలుతూ వచ్చి గడ్డి మోపుల మీద పడ్డారు. సుభాషిణి గారు ముక్కుకి కట్టు కట్టారు.

కట్టుతోనే ఆయన సాయంత్రం నన్ను పిలిపించారు. ముఖంలో నవ్వు లేదు.

"పాత గుమ్మటం వెనక గోడ బీటలిచ్చిందండీ. ఎంత బంక పూసినా ఆగట్లేదు. నెలాఖరుకల్లా కొట్టం మూసెయ్యాలి. మేకలు తోట పక్క కొత్త కొట్టానికి వెళ్ళాలి, పాలు పిండడానికి, నీళ్ళకి రోజూ రెండుసార్లు సొరంగం దాటి ఇటు రావాలి. ఎత్తుకెళ్ళి పడేస్తే సరిపోయే పని కాదు. వెళ్ళనివి..." అని ఆగారు. "నేను వాటికి శత్రువుని కానండీ. కానీ పాలివ్వకుండా, నడవకుండా ఉన్న మేకని ఎక్కడ ఉంచను? క్యాంటీన్‌కే పంపాలి."

క్యాంటీన్‌కి ఎందుకో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నమోదు 3, శుక్రవారం

రెండు రోజులు పాత పరిశోధనలు చదివాను. ఎలుకల మీద చేసినవి. మనుషులకి దిగులు తగ్గడానికిచ్చే మందొకటి ఉంది, ఫ్లూయాక్సిటీన్, చాలా పాతది. అది కొన్ని వారాలు ఇస్తే పెద్ద ఎలుక మెదడు కూడా పిల్ల ఎలుక మెదడులా మెత్తబడి, కొత్త సంగతులు కొత్తగా నేర్చుకోగలదట. భయపడ్డ ఎలుకలకి ఉత్త మందిస్తే భయం పోలేదు. ఉత్త శిక్షణ ఇస్తే పోయింది గానీ కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు పోయిన భయం మళ్ళీ రాలేదు.

త్రినాథరావు గారికి చెబితే కట్టు కింద నుంచి గుర్రుమన్నారు.

"మేకలకి దిగులు మందేమిటండీ? వాటికేం దిగులు, ట్రాన్స్‌ఫరా?"

"దిగులుకి కాదు సార్. భయపడ్డప్పుడు వాటి మెదడులో పడ్డ ముద్ర గట్టిపడిపోయింది. మందు ఆ మట్టిని కొంచెం తడిపి మెత్తన చేస్తుంది. ఆ మెత్తదనం ఉండగానే మనం కొత్త ముద్ర వెయ్యాలి."

"వెయ్యకపోతే?"

"ఏది దొరికితే ఆ ముద్రే పడుతుంది సార్."

సుభాషిణి గారు తన రోగులకి సరిపోను ఉంచుకుని మిగిలిన మాత్రలు ఇచ్చారు. మేకల్ని మూడు జట్లు చేశాను. మొదటి జట్టుకి మందూ శిక్షణా. రెండో జట్టుకి మందు మాత్రమే. మూడో జట్టుకి ఉత్త బెల్లం ముద్దా శిక్షణా. రెండో జట్టు మిగతావాటిని చూసి నేర్చుకోకూడదు కాబట్టి క్యాంటీన్ పక్క సామాన్ల గదిలో ఉంచాం.

మస్తాన్‌బీ మండిపడింది. "హైమమ్మా, నా బియ్యం బస్తాల పక్కన మేకలా?"

"కొన్నాళ్ళే మస్తానక్కా. ఇంకో మాట. మందు తిన్న మేకల పాలు మనుషులు తాగకూడదు. పారబోయాలి."

"ఎందుకూ? ఆ పాలతో టీ పెడితే జనం నవ్వుతూ ఉంటారు కదా. నాకూ ప్రాణం హాయిగా ఉంటుంది."

కుదరదని ఖండితంగా చెప్పాను. మూడో జట్టు ఇచ్చే గ్లాసెడు పాల కోసం మధ్యాహ్నానికి క్యాంటీన్‌లో చీట్లు వేశారు.

నమోదు 4, మళ్ళీ శుక్రవారం

వారం దాటింది. మార్పేమీ లేదు. లేకపోవడమే సబబు, ఈ మందు మెల్లగా పని చేస్తుంది. త్రినాథరావు గారు రోజూ పొద్దున వచ్చి "మెత్తబడ్డాయా?" అని ఇడ్లీపిండి పులిసిందా అన్నట్టు అడిగి వెళ్తున్నారు.

శిక్షణ ఇలా మొదలుపెట్టాం. కొట్టంలో సైరన్ని చిన్నగా, దోమ రొద చేసినంత, వినిపిస్తాను. వినిపిస్తున్నంతసేపూ వేరుశనగ చెక్క పెడతాను. ఆపితే చెక్కా ఆపేస్తాను. రోజురోజుకీ కొంచెం పెంచాలి. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత సొరంగం దగ్గరికి నడిపించాలి. అక్కడ చిక్కొచ్చింది. కలెక్టరమ్మ నా వెనక రాదు. అది ఎప్పుడూ దానియేలు వెనకే నడిచేది.

దానియేలుకి కబురు పెట్టాను. గంట తర్వాత స్పేస్ సూటులో, చెమటలు కక్కుతూ వచ్చాడు. అవతలి గుమ్మటం నుంచి సొరంగంలో రాకుండా బయట బండిలో చుట్టు తిరిగి వచ్చాడన్నమాట. మేకలకి మేత కూడా నెల నుంచి అలాగే తెస్తున్నాడు. పైకప్పు లేని బండి, సూటేసుకున్న మనిషి తప్ప ఎవరూ ఎక్కలేరు.

"సొరంగంలో రావచ్చు కదా?"

"బండి బ్యాటరీ, డాక్టరమ్మా. రోజూ తిప్పకపోతే చచ్చిపోతుంది."

"మరి మేకల ముందు నడవాలి, వస్తావా?"

"వస్తాను. కానీ ఈ వారం ఉత్తర తలుపులకి గ్రీజు పెట్టాలి. వచ్చే వారం పడమటివి."

"తూర్పువి?"

అతను కలెక్టరమ్మ కొమ్ముల మధ్య గోకుతూ ఉండిపోయాడు. "అవి బాగానే ఉన్నాయి," అన్నాడు చివరికి. ఆరడుగుల మనిషి. సొరంగం తప్పించుకోడానికే నెల నుంచి రోజూ గంట చుట్టు తిరుగుతున్నాడని నాకు అప్పుడే తట్టింది.

నమోదు 5, ఆదివారం

పొద్దున లెక్కపెడితే మందు కలిపిన బెల్లం ముద్దలు తక్కువొచ్చాయి. కొట్టమంతా వెతికాను. దానియేలు సొరంగం తలుపు ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. మీసానికి బెల్లం అంటుకుని ఉంది.

"తిన్నావా?"

"మూడు," అన్నాడు. "మేకకి ఒకటైతే మనిషికి మూడు సరిపోతాయనుకున్నా. పొద్దున్నే తిన్నా డాక్టరమ్మా. రెండు గంటలు ఆగి వచ్చి నిలబడ్డా. కాళ్ళు ఇంకా ఒణుకుతూనే ఉన్నాయి. మందు పాతబడిపోయిందేమో చూడండి."

కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముందు సుభాషిణి గారి దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ నాడి చూసి, ప్రమాదమేమీ లేదని చెప్పి, "ఇంకోసారి మేకల మందు తింటే మేకల కొట్టంలోనే బెడ్డు వేయిస్తాను," అన్నారు. తర్వాత తలుపు వేసి అతనితో చాలాసేపు మాట్లాడారు. నేను బయట కూర్చున్నాను.

బయటికొచ్చాక దానియేలు నా పక్కన కూలబడ్డాడు.

"పిచ్చోణ్ణంటారని రాలేదు డాక్టరమ్మా ఇన్నాళ్ళూ. ఆవిడేమో నాలాంటివాళ్ళు చాలామంది వస్తారంది. నా మందు నాకు వేరే ఇచ్చింది. కానీ ఉత్త మందుతో పోదంట. కొంచెం కొంచెంగా అటు నడవాలంట."

"మేకలకీ అంతే."

"ఎన్ని రోజులకి?"

"వారాలు పడుతుంది. నీకూ వాటికీ."

"అయితే కలిసే నడుద్దాం. నేనొక్కణ్ణే నిలబడి ఒణికితే జనం చూస్తారు. మేకలతో ఉంటే మేకల్నే చూస్తారు."

నమోదు 6, మరో వారం, గురువారం

దానియేలూ మేకలూ రోజుకి కొంచెం దగ్గరికి జరుగుతున్నారు. మొదట తలుపు కనబడేంత దూరంలో చెక్క తిన్నారు. తర్వాత తలుపు ముందు. మొన్న తలుపు తెరిచి గడప మీద. చెక్క దానియేలు కూడా తింటున్నాడు. సైరన్ ఇప్పుడు బాగానే వినిపించేంత పెంచాను. మొదటి జట్టు చెవులు నిక్కించి నా చేతికేసి చూస్తోంది. మూడో జట్టు కూడా బాగానే నడుస్తోంది. చూస్తే తేడా కనబడటం లేదు. మందెందుకు దండగ అని త్రినాథరావు గారు గొణుగుతున్నారు.

అసలు తలనొప్పి రెండో జట్టుతో వచ్చింది. వాటికి మందుంది, శిక్షణ లేదు. నేర్పేవాళ్ళు లేరు కదా అని అవి ఊరుకోలేదు. పక్కనున్న క్యాంటీన్ చూసి నేర్చుకున్నాయి. మస్తాన్‌బీ గరిటెతో పళ్ళెం మోగించగానే ఏడు మేకలూ లేచి, తలుపు తోసుకుని, వరసలో ఆఖరి మనిషి వెనక ఒకదాని వెనక ఒకటి నిలబడుతున్నాయి. తోసుకోవు. మధ్యలో దూరవు. ఇద్దరు వెల్డర్లు మధ్యలో దూరబోతే ముందున్న మేక కొమ్ముతో పొడిచి వెనక్కి పంపింది.

మస్తాన్‌బీ ఇప్పుడు వాటిని పంపనంటోంది. "హైమమ్మా, ఎనిమిదేళ్ళ నుంచి ఈ జనానికి వరస నేర్పుతున్నా. ఒక్కడూ నేర్చుకోలేదు. ఇవి పదిహేను రోజుల్లో నేర్చుకున్నాయి."

ఇంకోటి కూడా నేర్చుకున్నాయి. సాయంత్రం స్పీకర్లో త్రినాథరావు గారి ప్రకటనలు మొదలవగానే ఏడూ ఒకేసారి పడుకుని కళ్ళు మూసుకుంటున్నాయి. క్యాంటీన్‌లో అందరూ చేసే పనే అది. ఈ సంగతి ఎవరో ఆయనకి చేరేశారు. ఇవాళ వచ్చి నిజమా అని అడిగారు. మెదడు మెత్తగా ఉన్నప్పుడు చుట్టూ ఏం జరిగితే అది నేర్చుకుంటాయని చెప్పాను. ఆయన కాసేపు మేకలకేసి, కాసేపు క్యాంటీన్‌కేసి చూసి వెళ్ళిపోయారు.

నమోదు 7, సోమవారం

దానియేలు ఇవాళ సొరంగంలో పది అడుగులు లోపలికి వెళ్ళాడు. కలెక్టరమ్మ వెనకే వెళ్ళింది. అక్కడ ఆగి నాతో మాట్లాడుతూ నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"ఆరోజు కన్నం దొరకలేదు డాక్టరమ్మా చాలాసేపు. చేతులు మొద్దుబారిపోయాయి. ఇది నా కాళ్ళ మధ్య దూరి ఒకటే అరుపు. దీన్ని కసిరాను. అదే చివరి మాట అవుతుందేమో అనుకున్నా. మేకతో."

"ఏమని కసిరావు?"

"రాయకండి అది."

రాయడం లేదు. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం అతను పరిగెత్తలేదు.

నమోదు 8, శనివారం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నం భోజనాల వేళ వెనక గోడ బీట ఫట్టున విచ్చుకుంది. నెలాఖరు దాకా ఆగలేదు. గాలి బుస్సుమని కారడం మొదలైంది, అన్ని ఎర్ర దీపాలూ వెలిగాయి, అసలు సైరన్ మోగింది. నేను పెట్టే సైరన్ దీని ముందు ఎంత? పాత గుమ్మటంలో పాతికమందికి పైగా ఉన్నారు. బయటపడే దారి తూర్పు సొరంగం ఒక్కటే.

మొదటి జట్టు ఎనిమిదీ తలుపు ముందుకెళ్ళి నిలబడి చెక్క కోసం నాకేసి చూశాయి. ఒక్కటి కూడా బెదరలేదు. మూడో జట్టు, అంతకు ముందు రోజు దాకా వాటితో సమానంగా నడిచిన జట్టు, కొయ్యబారిపోయింది. రెండు మేకలు గొట్టాలెక్కాయి. మిగతావి నిలుచున్నచోటే కాళ్ళు బిగించి వణుకుతున్నాయి. మూడు వారాల శిక్షణా ఒక్క మోతతో కొట్టుకుపోయింది. పాత భయం ఎక్కడికీ పోలేదు, అడుగున అలాగే ఉంది.

దానియేలు తలుపు చక్రం తిప్పి తెరిచాడు. "రండి!" అని అరిచి ముందు నడిచాడు. మేకలు వెనక, వాటి వెనక జనం. సగం దూరం వెళ్ళాక ఆగిపోయాడు. నేను పక్కకి చేరాను. గోడ మీద తను వేసిన పట్టీకేసి చూస్తున్నాడు. ఊపిరి అందనట్టు నోరు తెరిచాడు.

నేను చెయ్యి పట్టి లాగలేదు. ఎవరూ తోయకుండా చేతులు అడ్డం పెట్టాను. "గాలి ఉంది దానియేలూ. నేనూ పీలుస్తున్నా చూడు. తొందర లేదు," అన్నాను. తొందర చాలా ఉంది. కలెక్టరమ్మ అతని చొక్కా జేబులో మూతి పెట్టి, చెక్క దొరక్క జేబునే నమలడం మొదలుపెట్టింది. అతను కిందికి చూశాడు. పొడిగా ఓ నవ్వు వచ్చింది. ఊపిరి కూడా వచ్చింది. "పద తల్లీ," అని నడిచాడు. అవతలి తలుపు తనే తెరిచాడు.

వెనక మస్తాన్‌బీ పళ్ళెం మోగిస్తూ వస్తోంది. ఏడు మేకలు వరస చెదరకుండా ఆమె వెనక నడిచాయి. తమాషా ఏమిటంటే, మేకల్ని చూసి జనం కూడా తోసుకోవడం మానేసి వరసలో పడ్డారు.

ఇక మిగిలినవి కొయ్యబారినవే. తన్నే స్థితిలో లేవు కాబట్టి కొందరం వెనక్కి వెళ్ళి, గొట్టాలెక్కినవాటిని కూడా దింపి, తలా ఒకదాన్ని చంకన పెట్టుకున్నాం. ఆఖరి మేకని త్రినాథరావు గారు తీసుకున్నారు. అందర్నీ పంపించేదాకా ఆయన గుమ్మటంలోనే ఉన్నారు. ఆ మాట ఇక్కడ రాయాలి.

అవతల లెక్క చూసుకుంటే ఒక మనిషి, ఒక మేక తక్కువ.

సొరంగంలోకి తొంగి చూశాం. సరిగ్గా మధ్యలో త్రినాథరావు గారు మేకని కావలించుకుని గోడకి అంటుకుపోయి ఉన్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆ మేకకీ ఆయనకీ ఒకే వణుకు. నేను కదిలేలోపే దానియేలు లోపలికి వెళ్ళిపోయాడు. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. పాత గుమ్మటం వైపు తలుపు దాకా నడిచి, దాన్ని మూసి, చక్రం బిగించి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆయన పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏదో మాట్లాడాడు. మోతలో మాకు వినబడలేదు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత మేనేజరు గారు ఓ అడుగు వేశారు. ఇంకొకటి వేశారు. దానియేలు ఆయన మోచెయ్యి పట్టుకోలేదు, ఊరికే పక్కన నడిచాడు.

బయటికొచ్చాక త్రినాథరావు గారు మేకని దింపి, చొక్కా దులుపుకుని, "అందరూ క్షేమమేనా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

నమోదు 9, మంగళవారం

అందరూ క్షేమం. కొత్త కొట్టంలో ఇరుకుగా ఉంది గానీ గోడ గట్టిది. క్యాంటీన్ మేత తోట పక్కకి మారింది.

కిందవాళ్ళకి రిపోర్టు పంపాను. మందూ శిక్షణా కలిసిన మేకలు అసలు ప్రమాదంలో కూడా నిలిచాయని, ఉత్త శిక్షణవి వెనక్కి జారాయని, ఉత్త మందువి క్యాంటీన్ పద్ధతులు నేర్చుకున్నాయని రాశాను. ఎనిమిది మేకలతో ఇంత చెప్పడం పెద్ద మాటే అవుతుందని కూడా రాశాను. మూడో జట్టుకి ఇవాళే మందు మొదలుపెట్టాను. ఏ మేకనీ క్యాంటీన్‌కి పంపే ప్రసక్తి లేదని త్రినాథరావు గారు స్పీకర్లో ప్రకటించారు. రెండో జట్టు ఆ వార్త విని వెంటనే పడుకుంది.

మధ్యాహ్నం ఆయన కొట్టానికి వచ్చారు. ఈసారి మెత్తబడ్డాయా అని అడగలేదు. కలెక్టరమ్మకి ఓ ఆకు పెట్టారు, అది తిన్నదాకా చూశారు, దీపం బావుందన్నారు, నేల బావుందన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"సుభాషిణి గారు ఏ టైముకి కూర్చుంటారండీ?"

"ఇప్పుడే ఉంటారు సార్. ఏమైంది?"

"ఏం లేదు. మోకాలు. కొంచెం నొప్పిగా ఉంటోంది, సొరంగంలో నడిచేటప్పుడు."

పాల బకెట్టు కడుగుతున్న దానియేలు చేతులు తుడుచుకుని లేచాడు.

"నాక్కూడా మొదట మోకాలే నొప్పెట్టింది సార్," అన్నాడు. "రండి, నేనూ అటే వెళ్తున్నా."